చిన్న వేషములు

నాటకము చూచి యింటికి వచ్చినవారిని "ఎవరెవరు వేసిరి?" అని యడిగి చూడుడు. రాజు వేషము వేసినవాని పేరు మొదట చెప్పుదురు. తరువాత రాణి వేషము వేసినవారి పేరు చెప్పుదురు. మంత్రిని, దూతను, ముసలి తండ్రిని, నౌకరును వేసిన వారెవరని యడిగితిమా, "వారెవరో జ్ఞాపకము లేదు" అని చేయి విదలింతురు. ఆ మంత్రియు ఆ నౌకరును లేనిదే ఆ రాజు రాజెట్లగునో మాత్రము వారాలోచింపరు. ఈ దోషము నాటకశాలతో ముగియునది కాదు. పెండ్లి యింట పెండ్లికూతురి చీర రంగు అందరికిని జ్ఞాపక ముండును. తెల్లవారుజామున లేచి రెండువందల మందికి వండి పెట్టినవారి ముఖ మెవ్వరికిని జ్ఞాపక ముండదు.

మేమును చిరకాల మట్టివారిలో నొకరమై యుంటిమి. అంతకంటెను ఘోరమైన మాట చెప్పవలసి యున్నది. ముప్పదియేండ్లు ఉపాధ్యాయవృత్తిలో నుండి, బాలురకు వేషములు పంచిపెట్టు అధికారము చేతబట్టుకొని, ఆ యధికారమును ముఖములు చూచి వినియోగించితిమి. ఇది తప్పని మాకు తెలియజెప్పిన వాడు మన దేశీయుడు కాడు. మమ్ము నెన్నడును ఎరుగడు. మాకు తెలియునాటికి జీవించియును లేడు. ఆయన ఇంగ్లాండు దేశపు నటుడు. పేరు పీట్ పోసిల్త్వెయిట్. సినిమాలలో నాయకుడు కాక, తండ్రిగానో, గురువుగానో, దుష్టుడుగానో, సేవకుడుగానో కనబడువానిని మనవారు క్యారెక్టరు నటుడందురు గదా. ఆయన జీవితమంతయు అట్టి వేషములు వేసినవాడు.

2012వ సంవత్సరము వేసవిలో మేము హైదరాబాదున మా పెద్దకుమారుని యింట నుంటిమి. ఒక రాత్రి వాడు తన కంప్యూటరులో ఒక పాత ఆంగ్ల చిత్రము పెట్టెను. దాని పేరు "ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్". జిమ్ షెరిడన్ దర్శకత్వమున 1993లో వచ్చినది. కథ కల్పితము కాదు. 1974 అక్టోబరులో ఇంగ్లాండునందలి గిల్డ్‌ఫర్డు పట్టణమున మద్యశాలలలో బాంబులు ప్రేలి ఐదుగురు చనిపోయిరి. ఆ నేరము బెల్‌ఫాస్టువాడగు జెర్రీ కాన్లన్ అను యువకునిమీదను మఱి ముగ్గురిమీదను మోపి యావజ్జీవశిక్ష విధించిరి. కుమారునికి న్యాయవాదిని కుదుర్చుటకై బెల్‌ఫాస్టునుండి వచ్చిన తండ్రి గిసెప్పీ కాన్లన్‌ను సయితము పట్టుకొని వేరొక నేరము క్రింద శిక్షించిరి. ఊపిరితిత్తుల రోగియైన ఆ తండ్రి 1980లో ఖైదీగానే మరణించెను. కుమారుడు నిర్దోషియని 1989లో విడుదలయ్యెను. తండ్రి నిర్దోషియని 1991లో తీర్పు వచ్చెను. తీర్పు వచ్చునాటికి దానిని వినుటకు తండ్రి లేడు.

ఆ తండ్రి వేషము పోసిల్త్వెయిట్‌ది. కుమారుని వేషము డేనియల్ డే లూయిస్ అను ప్రఖ్యాత నటునిది. చిత్రమున తండ్రికొడుకులను ఒకే కారాగృహపు గదిలో నుంచుట చిత్రకారుల కల్పన. కాని ఆ గదిలో ఆ తండ్రి చేయున దేమి? పెద్ద ప్రసంగము లేదు. కేకలు లేవు. దగ్గును అణచుకొనును, జపమాల త్రిప్పును, భార్యకు ఉత్తరము వ్రాయును, కుమారుడు కోపముతో గోడలు కొట్టుకొనుచుండగా ఊరక చూచును. మేము చిత్రము మొదలైన గడియసేపటికే కుమారుని చూచుట మాని తండ్రినే చూచుచుంటిమి. ఆయన మాటలాడనప్పుడు ఎక్కువగా చూచుచుంటిమి. ఆ వేషమునకు ఆయన పేరు ఆస్కారు బహుమానమునకు సూచింపబడెను. బహుమానము వేరొకరికి పోయెను. పోయినను మాకేమి? మా నిద్ర మాత్ర మా రాత్రి పోయెను.

నిద్ర పోవుటకు కారణము చిత్రకథ యొక్కటే కాదు. ఆ ముఖము. పొడుచుకొని వచ్చిన చెక్కిటి యెముకలు, లోతుకుపోయిన కన్నులు, కొట్టి చదును చేసినట్లున్న ముక్కు. అట్టి ముఖమునే మేము పూర్వ మొకసారి చూచి యుంటిమి. చూచి, త్రోసివేసి యుంటిమి.

అది 1987వ సంవత్సరము. మేము పనిచేయుచున్న ఉన్నతపాఠశాలలో వార్షికోత్సవమునకు హరిశ్చంద్ర నాటకములోని కొన్ని రంగములు ఆడింపవలె నని నిశ్చయించితిమి. తొమ్మిదవ తరగతి బాలురను వరుసగా నిలువబెట్టి చదివించితిమి. వారిలో ఒక బాలుడు కాటిరంగమందలి హరిశ్చంద్రుని మాటలు చదువగా, ప్రక్కగదిలో లెక్కలు చెప్పుచున్న ఉపాధ్యాయుడు సుద్దముక్క చేతబట్టుకొనియే వచ్చి గుమ్మమున నిలిచెను. అట్టి కంఠ మది. కాని బాలుడు నల్లనివాడు, దవడ పొడవు, చెంపల నిండ స్ఫోటకపు మచ్చలు. మేము అతని భుజము తట్టి, "నీకు వీరబాహుని వేషము సరిపోవు నోయి" అని చెప్పి, హరిశ్చంద్రుని వేషము తెల్లగా గుండ్రముగా నున్న వేరొక బాలుని కిచ్చితిమి. ఆ బాలునికి మాటలు నిలువలేదు. తెర వెనుకనుండి మేమే అందింపవలసి వచ్చెను. శ్మశానాధిపతి వేషము ఈతనికే ఏల తోచెనో ఇప్పుడు మా మనస్సును విడదీసి చూచుకొన్నచో, రంగు, పేదరికము, కులము అను మూడు కారణములు అచ్చట ఒక్క ముడిగా పడియున్నవి. సంఘసంస్కరణమునుగూర్చి సభలలో నుపన్యసించు నోటితోనే మేమా మాట యంటిమి.

మరునాడు ఆ బాలుని తల్లి వచ్చెను. కాలువగట్టున గడ్డి కోసి అమ్ముకొని జీవించునట్టి మనిషి. గడపకు బయటనే నిలిచి యడిగెను: "అయ్యగారూ, మావాడికి ఆ మాటలన్నీ నోటికొచ్చు కదండీ. మొగం ఇట్టా ఉండబట్టేనాండీ?" మేము "అదేమియు కాదమ్మా, అన్ని వేషములును సమానమే" అని చెప్పి పంపివేసితిమి. చెప్పిన మాట నిజమే. చెప్పిన మేము దానిని నమ్మలేదు. ఇరువదియైదేండ్ల తరువాత ఆ ఆంగ్ల నటుని ముఖము చూచిన రాత్రి, ఆ తల్లి గడప బయట మరల వచ్చి నిలిచినట్లయ్యెను. నాటినుండి మే మా నటుని జీవితమును వెదకి చదువ నారంభించితిమి.

పోసిల్త్వెయిట్ 1946లో లాంకషైరు మండలమందలి వారింగ్టను పట్టణమున పుట్టెను. తండ్రి పీపాలు చేసెను, కొయ్యపని చేసెను, ఒక పాఠశాలకు కాపరిగా నుండెను. నలుగురు బిడ్డలలో ఈయన కడపటివాడు. కథోలిక కుటుంబ మగుటచే బాల్యమున మతగురువు కావలెనని కూడ తలచెను. తరువాత ఉపాధ్యాయశిక్షణము పొంది మాంచెస్టరు నగరమున నాటకవిద్య బోధించెను. చదువరులారా, ఆయనయు మావలె ఉపాధ్యాయుడే! కాని మేము కుర్చీలో కూర్చుండి వేషములు పంచితిమి. ఆయన కుర్చీ విడిచి, బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో మరల విద్యార్థియై చేరెను.

కూలివాని బిడ్డ కిట్టి సాహస మెట్లు కలిగె నని యడుగవచ్చును. 1944వ సంవత్సరపు విద్యాశాసనముచేత ఇంగ్లాండులో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలందు విద్య ఉచితమయ్యెను. ఆ శాసనపు నీడలో పెరిగిన తరము వీరిది. అంతకు పూర్వ మాంగ్ల రంగస్థలమున గౌరవపాత్రము వేయవలె నన్నచో దక్షిణదేశపు పెద్దయిండ్ల ఉచ్చారణ కావలెను. ఉత్తరదేశపు యాస నవ్వించుటకు మాత్రమే పనికివచ్చు నని తలచువారు. మన సినిమాలలో చాలకాలము తెలంగాణపు మాటను ఉత్తరాంధ్రపు మాటను నౌకరుకును దొంగకును పంచిపెట్టి, నాయకునిచేత వేరొక తెలుగు మాటలాడించుట లేదా? రోగము ఒక్కటియే. పోసిల్త్వెయిట్ తన ముఖమును దాచలేదు. ఉత్తరదేశపు పలుకును విడువలేదు. పేరును మార్చుకొమ్మని తోడివారు సలహా చెప్పిరి. అంత పొడవైన పేరును దీపములతో వ్రాయవలె నన్న నాటకశాలలవారు విద్యుచ్ఛక్తికి డబ్బు పెట్టజాల రని పరిహసించిరి. ఆయన వినలేదు. పీపాలు చేసిన తండ్రి పేరే తుదివరకు ఉంచుకొనెను.

ఆయనకు అసలు విద్యాలయము లివర్‌పూలు నగరమందలి ఎవ్రిమాన్ నాటకశాల. పూర్వము ప్రార్థనామందిరముగా నుండిన కట్టడమున 1964లో నది స్థాపింపబడెను. పేరునకు "ప్రతిమానవుడు" అని యర్థము. ఆ కాలమున అచ్చట ఒకే సమాజమువారు ఒకదాని తరువాత నొకటిగా నాటకములాడుచుండిరి. నేడు రాజు వేసినవాడు వచ్చే నెల ద్వారపాలకుడు కావలసినదే. ఈ పద్ధతిలో పెరిగిన నటునికి చిన్న వేష మను మాటకు అర్థము తెలియదు. 1970 ప్రాంతముల తరువాత నచ్చట ఈయనతో నున్న జూలీ వాల్టర్సు, బిల్ నై, జోనాతన్ ప్రైసు మున్నగువారు తరువాత జగత్ప్రసిద్ధులైరి. ఈయన వారికంటె ఆలస్యముగా వెలుగులోనికి వచ్చెను. 1980 ప్రాంతముల రాయల్ షేక్స్పియర్ కంపెనీలో వేషములు వేసెను. సినిమాలలో రెండుమూడు మాటల వేషములు వచ్చినను కాదనలేదు. 1988లో టెరెన్స్ డేవీసు తీసిన "డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్" అను చిత్రమున, భార్యాబిడ్డలను కొట్టి హింసించు లివర్‌పూలు తండ్రిగా నటించినప్పుడు గాని లోక మాయనను గుర్తింపలేదు. అప్పటికి నలువదిరెండేండ్లు.

ఆ తండ్రిని చూచి, వెంటనే గిసెప్పీ కాన్లన్‌ను చూడవలెను. ఒకే ముఖము, ఇద్దరును తండ్రులే. ఒకరు ఇంటిలో అడుగుపెట్టినచో బిడ్డలు వణకుదురు. వేరొకరు కారాగృహమున దగ్గినచో బిడ్డ మనస్సు మారును. 1994లో "షార్ప్" అను టెలివిజను కథలలో హేక్స్‌విల్ అను సైనికోద్యోగి వేషము వేసెను. అంత నీచుని మేము తెరమీద చూచి యెరుగము. మా మనుమరాలు ఆయన కనబడినంతసేపు దిండు వెనుక దాగెను. 1996లో "రోమియో ప్లస్ జూలియట్" చిత్రమున ప్రేమికులకు మేలుచేయబోయి కీడు తెచ్చిన మతగురువయ్యెను. బాల్యమున కావలె ననుకొన్న పదవి ఆ విధముగా రెండు గంటలసేపు దక్కెను.

గృహిణులు తప్పక చూడదగిన నాటక మొకటి కలదు. 1999లో టెలివిజనుకై తీసిన "లాస్ట్ ఫర్ వర్డ్స్". డెరిక్ లాంగ్డెన్ అను రచయిత తన వృద్ధమాతను గూర్చి వ్రాసుకొన్న నిజమైన కథ. పక్షవాతముచే మాట తప్పి, జ్ఞాపకము తప్పి, క్రమముగా సన్నగిల్లు తల్లి వేషము థోరా హిర్డ్ అను వృద్ధనటిది. కుమారుని వేషము పోసిల్త్వెయిట్‌ది. అందులో గెలిచినది ఆమె. బ్రిటిషు అకాడమీ బహుమానమును పొందినది ఆమె. ఈయన చేసిన దేమనగా, ఆమెకు తావిచ్చుట. ఆమె తప్పుగా అన్న మాటకు నవ్వవలెనా ఏడువవలెనా తెలియక కన్నులు దించుకొనుట. ముసలితల్లి ప్రక్కన కూర్చుండి వినుట యొక గొప్ప నటన యని మే మెన్నడును తలచి యుండలేదు. మన యిండ్లలో ఆ పని చేయువారెవరు? సామాన్యముగా కోడలు. ఆమెను ఏ బహుమానమునకు సూచించితిమి?

ఆయన ముఖ్యవేషమే వేసిన చిత్రములును కొన్ని కలవు. 1996లో వచ్చిన "బ్రాస్డ్ ఆఫ్" వానిలో నొకటి. 1984, 85 సంవత్సరములలో బ్రిటను బొగ్గుగని కార్మికుల మహాసమ్మె ఓడిన పిమ్మట గనులు వరుసగా మూతపడెను. యార్కుషైరునందలి గ్రైమ్‌థోర్పు గని 1993లో మూతపడినది. మూత వార్త వచ్చిన 1992లోనే ఆ గనివారి వాద్యబృందము జాతీయపు పోటీలో గెలిచెను. ఆ సంగతి నాధారము చేసికొని యీ చిత్రము తీసిరి. డానీ అను వాద్యనాయకుడు గని ధూళితో ఊపిరితిత్తులు చెడినవాడు. అతనికి సంగీతమే లోకము. అతడు ఆసుపత్రిలో పడియుండగా బృందమువారు గనిదీపములు తలలకు పెట్టుకొని రాత్రి కిటికీ క్రింద వాయింతురు. తుదకు లండను సభలో గెలిచిన తరువాత డానీ వేదికయెక్కి, సంగీతమే ముఖ్యమని తానింతవరకు నమ్మితి ననియు, మనుష్యులకంటె నది ముఖ్యము కాదని యిప్పుడు తెలిసిన దనియు చెప్పి, బహుమానపాత్రమును నిరాకరించును. పీపాల కార్మికుని కొడుకు గనికార్మికుని నోట ఆ మాట పలికినప్పుడు, అది వేషమో నిజమో మేము చెప్పలేకపోతిమి.

వేషము కాదని 2009లో తెలిసినది. భూమి వేడెక్కుటను గూర్చి తీసిన "ది ఏజ్ ఆఫ్ స్టూపిడ్" అను చిత్రమున ఆయన 2055వ సంవత్సరమున మిగిలిన ఒంటరి వృద్ధుడుగా నటించెను. ఆ చిత్రపు ప్రథమప్రదర్శనమున మంత్రి యెదుటనే నిలిచి, కింగ్స్‌నార్తు అనుచోట క్రొత్త బొగ్గు విద్యుత్కేంద్రమునకు అనుమతి యిచ్చినచో, 2004లో తనకిచ్చిన రాజబిరుదమును తిరిగి యిచ్చివేయుదు నని చెప్పెను. తరువాత ఆ కేంద్రమును కట్టలేదు. అందుకు కారణము లనేకములు. కాని బిరుదమును పణముగా పెట్టిన నటు లెందఱు?

పొగడ్తను ఆయన యెట్లు తీసికొనెనో కూడ చెప్పదగును. 1997లో ఆయనతో రెండు చిత్రములు తీసిన స్టీవెన్ స్పీల్‌బర్గు ఈయనను లోకములో నుత్తమ నటు డనెను. దానికి ఈయన, "పీట్ తానే లోకములో నుత్తమ నటుడ ననుకొనుచున్నా డని స్పీల్‌బర్గు చెప్పి యుండును" అను భావముతో నవ్వివేసెను. కీర్తి వచ్చిన పిమ్మటను ఎవ్రిమాన్‌ను మరువలేదు. 2008లో, అరువదిరెండేండ్ల వయస్సున, లివర్‌పూలునకు తిరిగివచ్చి ఆ చిన్న రంగస్థలముమీదనే లియర్ రాజు వేషము వేసెను. ద్వారపాలకుని వేసిన స్థలముననే రాజును వేయుటకంటె వేరు పట్టాభిషేకము కలదా? 2010లో "ఇన్సెప్షన్" అను చిత్రమున మంచము పట్టిన ధనికుడగు తండ్రిగా కొన్ని నిమిషములు మాత్రమే కనబడెను. కథయంతయు ఆ తండ్రి కుమారునితో చివరకు ఏమనెనో యను దానిమీదనే నిలిచినది. 2011 జనవరి 2వ తేదీని క్యాన్సరు వ్యాధితో, అరువదినాలుగవ యేట, మరణించెను. "ది టౌన్" అను చిత్రములోని చిన్న దుష్టవేషమునకై బ్రిటిషు అకాడమీవారు ఆయన పేరును సూచించిన వార్త ఆ నెలలోనే, ఆయన లేని పిమ్మట, వచ్చెను.

"నూటి కొకడు పైకి వచ్చినంత మాత్రమున ముఖము లక్ష్యము లేదనుట యెట్లు?" అని కొంద రాక్షేపింతురు. నిజమే. నలువదిరెండేండ్లవరకు వేచియుండు శక్తి అందరికి నుండదు. ఈ నటునివంటివారు ఎందఱు మధ్యలోనే విడిచిరో ఎవ్వరును లెక్కపెట్టరు. అందుచేతనే మేము దీనిని నటులకు హితవుగా వ్రాయుట లేదు. వేషములు పంచువారికి వ్రాయుచున్నాము. తండ్రులు, ఉపాధ్యాయులు, అత్తలు, పిల్లను చూచుకొనుటకు పోవువారు, అందఱును వేషములు పంచువారే. పిల్ల నల్లగా నున్న దని వెనుకవరుసలో నిలువబెట్టు పాఠశాలలు నేటికిని కలవు. సూర్యకాంతమ్మగారు గయ్యాళి యత్త వేషమును ఎంత చక్కగా వేసె ననగా, ఆ పేరు బిడ్డలకు పెట్టుటకే మనవారు వెరచిరి. నటనను మెచ్చుకొన్నామా, దండించినామా? కన్నులు మూసికొని వినుడు; తరువాత వేషము లిండు. మేము చెప్పున దింతే.

2013లో మే మా బాలుని వెదకికొని పోతిమి. ఇప్పుడతడు బాలుడు కాడు, బస్సు నడుపుచున్నాడు. తల్లి గతించినది. అరుగుమీద కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చెను. మాకు మాట తోచక, ఆ నాటకము జ్ఞాపకమున్నదా యని యడిగితిమి. అతడు నవ్వెను. "నావి నాలుగు మాటలేనండి మాస్టారూ. హరిశ్చంద్రుడివి మాత్రం అన్నీ వచ్చు. తెర వెనకాల నిలబడి నేర్చుకున్నాను" అని, అడుగకుండగనే కాటిరంగపు మాటలు చెప్పసాగెను. అదే కంఠము. ముఖము మాత్ర మింకను పదునెక్కి, ఆ రాత్రి మేము చూచిన ముఖమువలెనే యున్నది.

అతని కూతురు, ఎనిమిదవ తరగతి చదువుచున్న పిల్ల, గుమ్మమున నిలిచి వినుచుండెను. అయిన తరువాత, "నాన్నా, నువ్వు రాజు వేషం వేశావా?" అని యడిగెను.

అతడు "లేదమ్మా" అని చెప్పి, మావైపు చూడకుండ ఖాళీ గ్లాసు తీసికొనెను.

మే మా పిల్లను దగ్గరకు పిలిచి చెప్పితిమి: "వేయవలసినవాడు మీ నాన్నయే తల్లీ. వేయనీయని వారము మేము."